ఏడో ఆకు వరస

టిబెట్ వాళ్ళ పాటల పుస్తకాన్ని నేను కాపాడానని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా వీడ్కోలు సభలో మా సారు మైకు పట్టుకుని మరీ చెప్పారు, "తడిసి ముద్దయిన పుస్తకానికి మేడం గారు ప్రాణం పోశారు" అని. శాలువా కప్పారు. కొత్తగా చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పించుకున్న మనిషి అక్కడే లేచి "కాదు" అనడం బాగుండదని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఎంత అరుదో నాతో పనిచేసినవాళ్ళకు తెలుసు.

ఇంకో కథ కూడా ఉంది. అది సభల్లో చెప్పరు, టీ దగ్గర చెబుతారు. మా బైండరు భాయ్ తెలియక పుస్తకం మీద మరకలు తుడిచేస్తే నేను వెళ్ళి సర్దిచెప్పానట. ఇది మొదటిదానికంటే పెద్ద అబద్ధం. ఆ పుస్తకాన్ని సగం పాడుచేసింది తుఫాను వాన. మిగతాది పాడుచేసింది నేను. భాయ్ వద్దన్నాడు. వాదించి ఆయన నోరు మూయించాను.

పాత పుస్తకాలు బాగుచేసే పనిలోకి ఇప్పుడొస్తున్న పిల్లలు శాలువా కథే విని నేర్చుకుంటే ప్రమాదం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా గది గవర్నర్‌పేటలో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉండేది. కింద టిఫిన్ హోటలు, ఎదురుగా లాడ్జి. రోజంతా ఆటోల మోత, పొద్దున పూట సాంబారు వాసన. ఆ వాసనలోనే చల్లపల్లి వైపు నుంచీ, ఇంకా కింద లంకల నుంచీ వచ్చిన తాటాకు పుస్తకాలకు దుమ్ము దులిపి, నూనె రాసి, విరిగిన ఆకుల్ని అతికేవాళ్ళం. మేమంటే ముగ్గురం. నేను, మా సారు, భాయ్. సారు ఫైళ్ళూ ఫోటోలూ చూసుకునేవారు. ముఖ్యంగా ఫోటోలు. భాయ్ వన్‌టౌన్ మనిషి, మూడు తరాల బైండింగు వాళ్ళది. నేను హిస్టరీ డిగ్రీ చదివి, మూడు నెలల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఒకటి గోడకు తగిలించుకుని, అంతా నాకే తెలుసనుకునేదాన్ని.

చలికాలం వస్తే కాలవ పక్క ఖాళీ స్థలంలో టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు పెట్టేవారు. బెజవాడలో చలి ఎక్కడేడ్చిందని మీరడగొచ్చు. చలి లేదు కానీ స్వెటర్ కొనడమనే సరదా ఉంది. ఆ దుకాణాల్లో ఒకావిడ దగ్గర నేను ఏటా ఏదో ఒకటి బేరమాడేదాన్ని. నా వయసుదే. నేను దీదీ అనేదాన్ని, ఆవిడ మేడం అనేది. ఇరవై చలికాలాలు ఇక్కడ గడిపి, బేరం తెలుగు బాగా పట్టేసింది.

ఒక ఏడాది అదును తప్పి తుఫాను పట్టింది. మూడు రోజుల తర్వాత దీదీ మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో స్వెటర్ల సంచీ. లోపల స్వెటర్లు లేవు. రెండు సన్నని చెక్కపలకల మధ్య, గుడ్డలో చుట్టిన పొడుగాటి కాగితాల కట్ట. తాటాకు పుస్తకమే అనుకున్నాను ముందు. అదే ఆకారం, కాకపోతే కొంచెం వెడల్పు. చేత్తో రాసిన నల్లటి అక్షరాలు. కట్ట మొత్తం నీళ్ళు తాగి ఉబ్బిపోయింది.

"అద్దె గదిలో పైకప్పు కారింది మేడం. స్వెటర్లు ఎండుతాయి. ఇది ఎండదు. మీరు రిపేరు చేస్తారని లాడ్జి ఓనరు చెప్పాడు."

"ఏముంది ఇందులో?"

"పాటలు. మా ఇంటివి. అమ్మమ్మ వాళ్ళమ్మ రాయించింది. ఒక ఆకుకి ఒక పాట." ఆగి చెప్పింది, "ఈ ఎండాకాలం మా అమ్మ పోయింది. ఇంట్లో పెట్టి రావడానికి మనసొప్పలేదు, తెచ్చుకున్నా."

"నాకు మీ లిపి రాదు దీదీ. ముందే చెబుతున్నా."

"రాకపోతే మంచిది మేడం. చదవడం వచ్చినోళ్ళు సలహాలు చెప్తారు."

అప్పుడే నచ్చింది నాకు ఆ మనిషి.

ఆకులు ముప్పై ఒకటి. విడదీయడానికే వారం పట్టింది. మధ్యలో బ్లాటింగ్ పేపర్లు పెట్టడం, మార్చడం, మళ్ళీ పెట్టడం. కాగితం మాత్రం గొప్పది, ఏదో చెట్టు బెరడుతో చేసిందట. మన తాటాకుల్ని కరకరలాడించే పురుగు దాని జోలికే పోదు. సిరా కూడా కరగలేదు. ఆరిన తర్వాత చూస్తే అక్షరాలన్నీ ఉన్నాయి. అక్కడితో ఆపి ఉంటే ఆ శాలువాకు నేను అర్హురాలినే.

ఆరిన ఆకుల కుడి అంచున గుండ్రటి జిడ్డు మరకలు బయటపడ్డాయి. వేలి కొన అంత. ఒక్కో ఆకు మీద రెండు, మూడు, కొన్నిటి మీద నాలుగు. వెలుతురుకు పెడితే అక్కడ కాగితం నూనె కాగితంలా అవతలి వైపు కనిపించేది. ఈలోగా మా సారు వచ్చి, ఎల్లుండి పైనుంచి ఎవరో చూడటానికి వస్తున్నారని చెప్పారు.

"ముందు ఫోటోలో ముద్ద, తర్వాత ఫోటోలో ముత్యం. అట్టా ఉండాలి మేడం."

ముందు ఫోటో అంటే తడిసి నల్లబడిన కట్టను ఆయన ఫోన్లో తీసింది. అందులో ఆకులే విడిగా కనపడవు, ఇక మరకలేం కనపడతాయి? ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మరకలు తీసే ద్రావకం సీసా, దూది పట్టుకుని కూర్చున్నాను. భాయ్ పక్కన అట్టలు కోస్తున్నవాడు కోయడం ఆపాడు.

"మేడం గారూ, ఒక్క నిమిషం. మరకలన్నీ ఒకే పక్క, ఒకే వరసలో ఉన్నాయేంటండీ? చేతిలోంచి జారిన జిడ్డు ఇట్టా వరసలో నిలబడుద్దా?"

"ఆకు తిప్పే చెయ్యి ఏది భాయ్? కుడి చెయ్యి. తినే చెయ్యి ఏది? అదీ కుడి చెయ్యే. మరి మరక కుడిపక్క పడక ఎడమ పక్క పడుద్దా?"

"తిన్నాక కడుక్కుంటారు గదండీ."

"వాళ్ళది చలిదేశం. నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి."

"ఆవిడ కర్ణాటకలో పుట్టిందంట గదండీ. అక్కడే వాళ్ళ కాలనీ."

"వాళ్ళమ్మమ్మ వాళ్ళమ్మ కూడా కర్ణాటకలోనే పుట్టిందా?"

ఆయన మళ్ళీ కత్తి అందుకున్నాడు. నేను గెలిచాను. దీదీ దుకాణం మా మేడకు పది నిమిషాల నడక. వెళ్ళి ఒక్క మాట అడగాలని గెలిచినవాళ్ళకు ఎందుకు తోస్తుంది? దూదితో అద్దడం, బ్లాటింగ్ పేపరు ఒత్తడం. సాయంత్రానికి ఏడు ఆకులు తెల్లగా ముత్యాల్లా వచ్చాయి. ద్రావకం సీసా అయిపోయింది. ఆ సీసా చిన్నది కావడమే ఆ పుస్తకం చేసుకున్న పుణ్యం.

మర్నాడు దీదీ వచ్చింది. ముందు సంతోషపడింది. బల్ల మీద ఒక్కో ఆకు తిప్పుతూ, పెదవులతో ఏదో అనుకుంటూ చూసింది. శుభ్రం చేసిన ఆకులు వచ్చాయి. ఒకటి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. తిప్పి పట్టింది. రెండోది ఎత్తింది.

"మేడం, అమ్మ ఏదండీ?"

ఆకు ఏదో తప్పిపోయిందని అడుగుతోందనుకున్నాను. "ముప్పై ఒకటీ ఉన్నాయి, లెక్క చూసుకో" అన్నాను.

"ఆకు కాదు. అమ్మ." కుడి అంచు మీద వేలు పెట్టింది. "ఇక్కడ అమ్మమ్మ. ఇక్కడ అమ్మ. ఇక్కడ నేను. ఎక్కడికి పోయారు?"

భాయ్ కత్తి కింద పెట్టాడు.

ముందు నేను చేసింది ఏమిటనుకున్నారు? వాదించాను. జిడ్డు ఉంటే కాగితం పాడవుతుందన్నాను, బొద్దింకలొస్తాయన్నాను. దీదీ గొంతు పెంచలేదు. "మా అమ్మమ్మ కాలం నుంచి ఏదీ తినలేదు మేడం. మీ బెజవాడ బొద్దింక తింటుందా?" అంది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, తనకు వచ్చిన తెలుగులో, రానిచోట హిందీలో చెప్పింది.

అక్షరాలు ఎవరైనా చదువుతారు. దాన్ని ఎలా పాడాలో ఆకు మీద లేదు. అది నోటి నుంచి నోటికి రావాలి. పాట నేర్చుకున్న పిల్ల, నేర్పిన మనిషి ముందు మూడు రోజులు పాడాలి. మూడు రోజులూ ఒక్కలాగే పాడితే, నేర్పిన మనిషి వెన్న తెచ్చి ఆ పిల్ల వేలు ముంచి తన చుక్క పక్కన చుక్క పెట్టిస్తుంది. బతికున్న వాళ్ళ చుక్క ఉన్న పాటే పాడాలి. లేని పాట ముట్టకూడదు. సొంతంగా కట్టి పాడటం ఆ ఇంట్లో దొంగతనం కింద లెక్క.

"మీ మాటలో ఏమంటారు దాన్ని? పాడే పద్ధతి?" అని అడిగింది.

"వరస" అన్నాడు భాయ్. "పాటకీ వరసే అంటారమ్మా. చుట్టరికానికీ వరసే. లైన్లో నిలబడితే అదీ వరసే."

"మూడూ ఒకటేనా?"

"మా తెలుగులో ఒకటే."

"మా ఇంట్లో కూడా" అంది దీదీ.

వాళ్ళ కొత్త సంవత్సరం దాటాక ఆవిడ అన్న కొడుకు పెళ్ళి. పెళ్ళికి ముందు మామయ్య, అంటే వాళ్ళమ్మ తమ్ముడు, ఒక్కో ఆకూ ఎండకు ఎత్తి చూసి, చుక్క ఉన్న పాటలు ఒక పక్క, లేనివి ఒక పక్క పెడతాడు. లేనివి ఇక ఎప్పటికీ గుడ్డలోనే. అమ్మ తర్వాత ఆ చుక్కలున్నది దీదీకి ఒక్కదానికే. అంటే నేను ఒక సాయంత్రం పూట, దూదితో, ఏడు పాటల నోరు కుట్టేశాను.

అప్పుడు నా బుర్రకు తట్టిన ఉపాయం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "దానిదేముంది దీదీ, ఇంత వెన్న తెస్తాను, నువ్వే చుక్కలు పెట్టేసుకో. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఉన్న మార్కులు తుడిచేశారు. ఇప్పుడు దొంగ మార్కులు వేసుకోమంటున్నారు. మీరు టీచరు అవ్వలేదు, పిల్లలు బతికిపోయారు."

దారి చూపించింది భాయ్. పీర్ల పండక్కి శోకగీతాలు పాడే ఇల్లు వాళ్ళది. చిన్నప్పటి నుంచీ ఆ వరసల్లో పెరిగినవాడు. పక్క వీధిలో ఎవరైనా శ్రుతి తప్పితే ఇక్కడ మొహం చిట్లించేవాడు.

"మీ అమ్మగారు లేరు గదమ్మా. నేను వింటాను. మూడు రోజులు పాడు."

"మీకు మా భాష రాదు కదా."

"రాకపోతేనే నయం. మాట మీదికి మనసు పోదు. వరస ఒక్కటే వినపడుద్ది."

బయటి మనిషి వినడం ఎప్పుడైనా ఉందా అని నేను అడగబోతే భాయ్ నా వైపు చూశాడు. ఊరుకున్నాను. దీదీ తలూపి, ఏడు ఆకులూ ముందు పరుచుకుంది. "ఇది నాది. ఇది నాది" అంటూ ఆరు పక్కన పెట్టింది. ఏడోది చేతిలో ఉంచుకుని కిటికీ వైపు చూసింది. కిటికీలో లాడ్జి గోడ తప్ప ఏమీ లేదు.

"ఇది కూడా నాదే."

ఏడో ఆకు కొత్త కోడలు గడప దాటేటప్పుడు పాడే పాట అని తర్వాత చెప్పింది. ఆ ఇంట్లో అది ఎక్కువగా వాళ్ళమ్మే పాడేదట. నేను తుడిచేటప్పుడు దాని మీద మూడు చుక్కలున్నాయో రెండేనో నాకు గుర్తులేదు. లెక్కపెట్టాలనే తోచలేదు. మరకల్ని ఎవరైనా లెక్కపెడతారా?

మధ్యాహ్నం హోటల్లో భోజనాల సందడి తగ్గిన తర్వాత, పక్క దుకాణం వాళ్ళకు స్వెటర్లు అప్పజెప్పి వచ్చేది. మొదటి రోజు నేను ఫోను తీశాను.

"వద్దు మేడం. రేపు నేను తప్పు లేకుండా పాడితే, రాత్రి ఫోన్లో విని నేర్చుకుందంటారు."

ఫోను లోపల పెట్టేశాను. ఆ పట్టింపు చూసి ముచ్చటేసింది, పైకి ఒప్పుకోలేదు గానీ.

ఆ పాటలు ఎలా ఉన్నాయని అడక్కండి. నాకు సంగీతం చెవి లేదు, మంగళహారతి కూడా తప్పుపాడే మనిషిని. ఒకటి మాత్రం చెప్పగలను. దుకాణంలో "ఫిక్స్‌డ్ రేటండీ" అని అరిచే గొంతు అది కాదు. పైకి ఎక్కి, అక్కడే ఆగి, దిగాలా వద్దా అని చూసుకుని దిగే గొంతు. భాయ్ కళ్ళు మూసుకుని, చేతిలో పెన్సిలుతో చిత్తుకాగితం మీద కొండల్లాంటి గీతలు గీసుకున్నాడు. ఎక్కినచోట ఎక్కిస్తూ, దిగినచోట దింపుతూ. రెండో రోజు అదే కాగితం మీద వేలు నడిపిస్తూ విన్నాడు. ఒక్కో పాట అయ్యాక "అదే" అనేవాడు. అంతే. రెండో రోజు ఏడో పాట అయ్యాక మాత్రం "రేపు చూద్దాం" అన్నాడు.

నాకు ఆ రెండు మాటలూ గుచ్చుకున్నాయి. దీదీ సంచీ తీసుకుని దిగిపోయింది.

మూడో రోజు ఆరు పాటలూ "అదే, అదే" అంటూ దాటాయి. ఏడోది మొదలైంది. ఆ రోజు ఆవిడ ఆకు వైపు చూడలేదు. నన్ను చూస్తూ పాడింది. మధ్యకొచ్చేసరికి తలుపు తోసుకుని మా సారు.

"ఏంటి మేడం, ఆఫీసులో ఈ పాటకచేరీ? కింద హోటల్ దాకా వినపడుతోంది!"

నేను నోరు తెరిచేలోపే భాయ్ లేచి నిలబడ్డాడు. "పుస్తకం సరిచూసుకుంటున్నామండీ సార్. ఏడు ఆకులు చూసుకోవాలి గదా."

"సరిచూడ్డానికి పాడాలా?"

"వీళ్ళ పుస్తకం అట్టాగే సరిచూడాలంటండీ."

సారు నా మొహం చూశారు. ఏం కనపడిందో, తలుపు దగ్గరికి వేసి వెళ్ళారు. దీదీ మొదటి నుంచి ఎత్తుకుంది. అయిపోయింది. కింద ఎవరో రెండు ఇడ్లీ అని కేకేశారు. భాయ్ కాగితం మీద వేలు అక్కడే ఉంది. అది తప్పని ఆయన అంటే, ఆ తప్పు పాట మరిచిన మనిషిది కాదు, నాది.

"అదేనండీ" అన్నాడు భాయ్. మామూలుగా "అదే" అనేవాడు, ఈసారి "అండీ" చేర్చాడు. ఎవరికి చేర్చాడో తెలియదు.

వెన్న కోసం నేనే పరిగెత్తాను. కింద హోటల్లో ఇడ్లీ మీద వేసే వెన్న, చిన్న ప్లేటులో. కాగితానికి జిడ్డు తగలనివ్వకూడదని మూడు నెలలు ట్రైనింగైన మనిషిని, వెన్న ప్లేటు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. దీదీ తన వేలు భాయ్‌ని పట్టుకోమంది. ఆయన ఆవిడ వేలు పట్టుకుని ముంచాడు. ఆవిడ ప్రతి ఆకు మీదా అంచు నుంచి కొంత ఖాళీ వదిలి, ఆ తర్వాత తన చుక్క పెట్టింది. ఖాళీ ఎందుకని అడగలేదు. అడగకుండానే తెలిసిన మొదటి సంగతి అది.

మిగిలిన ఇరవై నాలుగు ఆకుల్నీ ముట్టుకోలేదు. సారు ఫోటోలో ముత్యాలు ఏడే పడ్డాయి, మిగతావన్నీ మరకలతోనే ఉన్నాయి. "పని పూర్తికాలేదా?" అని పైవాళ్ళు అడిగితే "పూర్తయింది" అన్నాను. కావాలంటే ఆ రిజిస్టరు చూసుకోవచ్చు.

పెళ్ళయిన తర్వాత దీదీ ఫోన్ చేసింది. ఏడూ పాడిందట. "మామయ్య ఏమన్నాడు?" అని అడిగాను. "ఏడో పాట అప్పుడు కళ్ళు మూసుకున్నాడు మేడం. తర్వాత ఏమీ అనలేదు. టీ అడిగాడు" అంది. అక్క పాట గుర్తొచ్చి మూసుకున్నాడా, అది అక్క పాట కాదని మూసుకున్నాడా? ఆ ఇంటి పిల్లలు ఇద్దరు ఇప్పుడు ఆ పాట నేర్చుకుంటున్నారట. చుక్కలు కూడా పెట్టారట.

పిల్లలూ, ఈ పనిలో చేతికి మరక తగిలితే సీసా తీసేముందు ఎవరిదని అడగండి. ఏమిటని కాదు, ఎవరిదని. మీకంటే తక్కువ చదువుకున్నవాళ్ళు వద్దంటే, వాళ్ళ నోరు మూయించగలిగినా మూయించకండి. ఇంతకు మించి నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

నా గొడవ వేరే ఉంది. ఏడో ఆకు మీద దీదీ చుక్క ఎప్పుడూ లేకపోతే? ఆ పాట వాళ్ళమ్మతోనే పోయి ఉంటే, నేను తుడిచిన చోటనే ఆవిడకు దాన్ని తిరిగి లేపే దారి దొరికిందేమో. దొంగ మార్కులు వద్దని నా మొహం మీద చెప్పిన మనిషి అంత పని చేస్తుందా? లేక ఆ మూడో రోజు నన్ను చూస్తూ పాడింది నా మీద జాలితోనా? ఆవిడ ఇప్పటికీ చలికాలం వస్తుంది, నేనిప్పటికీ బేరమాడతాను. ఆవిడను మాత్రం అడగను. తుడిచినదాన్ని, అడిగే హక్కు నాకు లేదు.

భాయ్‌ని అడుగుతూనే ఉన్నాను. ఆయనా పని మానేసి ఇంట్లో ఉంటున్నాడు. ఆ గీతల కాగితం చూపించమంటే, "ఏదో పుస్తకం అట్టలోకి పోయిందండీ, బైండింగులో చిత్తుకాగితం మిగులుద్దా?" అంటాడు. గట్టిగా అడిగితే, "మీరు గెలవని వాదన ఒక్కటైనా ఉండాలి గదండీ మేడం గారూ" అని నవ్వి, చాయ్ తాగి వెళ్ళమంటాడు.

తాగే వస్తున్నాను, ప్రతిసారీ. ఆయనకు పేపరు చదివే అలవాటుంది గనక, ఇది ఎక్కడైనా అచ్చయితే చూస్తాడు గనక, అందరి ముందూ అడుగుతున్నాను. నిజం చెప్పండి భాయ్, ఏడో ఆకు వరస మొదటి రోజూ మూడో రోజూ ఒకటేనా?